రాజసౌధము – పాంథశాల

కట్టడములకు కట్టినవారికంటె ఆయువు మెండు. రాజు పోవును, రాజ్యము పోవును, రాజు కట్టించిన మేడ మాత్రము మిగులును. అట్లు మిగిలినదానిని ఏమి చేయవలయునను ప్రశ్న పిమ్మటివారి పాలబడును. కొన్నిటిని పడగొట్టి ఆ తావున క్రొత్తవి కట్టుదురు. కొన్నిటికి తాళమువేసి మఱచిపోవుదురు. వానలును రావిమొక్కలును తక్కిన పని చేయును. కొన్నిటిలో బడులు, ఆస్పత్రులు, కచేరీలు వెలయును. ఇటీవలి కాలమున నాలుగవ గతి యొకటి ఏర్పడినది: మేడను హోటలుగా మార్చి, రొక్కమిచ్చినవారికి రాజోపచారములు చేయుట. ఈ నాలుగవ గతి మంచిదా, చెడ్డదా? దీనినిగూర్చి మాకు చాలకాలముగా ఒక అభిప్రాయముండెను. అట్టి మేడలలో నొకదానియందు ఒక రాత్రి పండుకొని లేచిన పిమ్మట ఆ యభిప్రాయము కొంత మాఱినది. అది మాఱిన విధమును చదువరులకు విన్నవించుటకే యీ వ్యాసము.

హైదరాబాదు నగరమున చార్మినారునకు దక్షిణముగా సుమారు 5 కిలోమీటర్ల దూరమున ఒక గుట్టమీద ఫలక్‌నుమా మహలు కలదు. ఫలక్ అనగా ఆకాశము. ఆకాశమునకు అద్దమువంటిదని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. 2010 నవంబరులో అది తాజ్ హోటళ్లవారి నిర్వహణమున 60 గదుల హోటలుగా తెఱవబడినది. మా మిత్రులొకరు తమ కుమార్తె వివాహమునకు దూరదేశమునుండి వచ్చిన బంధువులను అచట విడిది చేయించి, మమ్ము గూడ ఒక రాత్రి వారితో నుండుమని పిలిచిరి. మా సొంత రొక్కముతో మేము ఆ గడప త్రొక్కియుండెడివారము కామని ముందుగనే చెప్పుకొనుట మంచిది. అచట ఒక్క రాత్రి అద్దె కూలిపని చేయువాని నెల సంపాదనను మించును.

శాలిబండ, అలియాబాదు, ఇంజనుబౌలి దాటి మా కారు గుట్టవైపునకు తిరుగుచుండగా, కారు నడుపుచున్న వృద్ధుడు వెనుకకు తిరుగకయే యిట్లనెను: “మా ముత్తాత గీ మహల్ కట్టేటప్పుడు గుట్ట మీదికి రాళ్లు మోసిండంట సార్. మా నాయన చెప్పేటోడు. నేను గేటు దాంక శానసార్లు వచ్చిన. పైకి మాత్రం ఎన్నడు పోలే. లోపల ఎట్లుంటది సార్?” మేమును అంతకుముందు చూచినవారము కాము గనుక జవాబు చెప్పలేకపోతిమి. ఉదయము మీరే వచ్చి మమ్ము తీసికొనిపొండు, చూచినదంతయు చెప్పెదమని మాట యిచ్చి దిగితిమి.

గుట్ట క్రిందనుండి మహలువఱకు అతిథులను గుఱ్ఱపుబండిమీద కొనిపోవుదురు. మెట్ల యొద్ద తలపై గులాబిరేకులు చల్లుదురు. ఇంత మర్యాద మా కెందులకని మేము సిగ్గుపడితిమి గాని, మాతో వచ్చినవారు సంతసించిరి. లోపలి పాలరాతి మెట్లు, వాని ప్రక్కగోడలమీద వరుసగా వ్రేలాడు గవర్నరు జనరళ్ల చిత్తరువులు, నగిషీ చెక్కిన కఱ్ఱకప్పుగల గ్రంథాలయము, 101 మంది ఒక్క బంతిని కూర్చుండదగిన భోజనపుబల్ల, ఇవన్నియు కన్నులకు విందే. గ్రంథాలయము ఇంగ్లండులోని విండ్సరుకోట గ్రంథాలయమును పోలి కట్టినదని చెప్పుదురు. అందమైనదానిని అందమైనది కాదనుట సంస్కారము కాదు. అయినను మెట్ల యొద్ద మేము కొంతసేపు నిలిచిపోతిమి. ఈ దేశమును ఏలిన పరదేశీయుల ముఖములు గోడమీద నున్నవి. ఈ మెట్లు పఱచినవాని ముఖము ఎచటను లేదు.

ఈ మహలు చరిత్ర వినదగినది. దీనిని కట్టించినవాడు నిజాము కాడు, సర్ వికారుల్ ఉమ్రా అను పైగా ప్రభువు. పైగాలనగా నిజాముల కొలువున సైన్యమును పోషించు షరతుమీద విశాలమైన జాగీరులు పొందిన వంశమువారు. నిజాముల తరువాత ఆ రాజ్యమున వారిదే అగ్రస్థానము. వారు నిజాముల యింటి ఆడుబిడ్డలను వివాహమాడుచుండిరి. వికారుల్ ఉమ్రా ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖానునకు బావ. నేటి వికారాబాదు పట్టణమునకు ఆ పేరు ఆయనవలననే వచ్చినది.

1884 మార్చి 3వ తేదీన ఫలక్‌నుమాకు పునాది వేసిరి. కట్టి, అలంకరించి ముగించుటకు 9 సంవత్సరములు పట్టినది. సామగ్రిలో ఎక్కువభాగము ఐరోపానుండి ఓడలమీద వచ్చినది. మొత్తము 40 లక్షల రూపాయలు వ్యయమైనదని ప్రతీతి. ఆనాటి 40 లక్షలన్న ఎంత మొత్తమో ఊహించుకొనుట కష్టము. ఒక్క మాట జ్ఞాపకముంచుకొన్న చాలును: 1876 మొదలు 1878 వఱకు దక్షిణాపథమును కబళించిన మహాక్షామము గడచి అప్పటికి ఆఱేండ్లైనను నిండలేదు. ఆ కఱవు హైదరాబాదు రాజ్యమును గూడ విడువలేదు. జాగీరు గ్రామములలో పశువులు చచ్చి, బావులెండి, రైతు మరల నాగలి పట్టుచున్న దినములవి. ఆ రైతు కట్టిన శిస్తే గదా ఇటలీ పాలరాయియై ఈ గుట్ట యెక్కినది!

ఇంత ధనవంతుడైనను వికారుల్ ఉమ్రాకు ఆ వ్యయము మోయరాని బరువైనది. ఆయన 1893లో రాజ్యమునకు దివానైనాడు. రాజ్యపు లెక్కలు చూచువాని యింటి లెక్కలు అప్పులలో మునిగినవి. 1897 ప్రాంతమున నిజాము ఆ మహలునకు అతిథిగా వచ్చి, ముగ్ధుడై, కొన్నాళ్లుండెను. అంతట వికారుల్ ఉమ్రా తన భార్య సలహాపై దానిని ఆయనకు నజరానాగా సమర్పించెననియు, నిజాము దాని వెల చెల్లించి పుచ్చుకొనెననియు చెప్పుదురు. నజరానా అనుట మర్యాదకొఱకు; అప్పులవాడు ఇల్లమ్ముకొనుట యథార్థము. కోరి కట్టుకొన్న మేడలో ఆయన కాపురము పదేండ్లయినను సాగలేదు. ఇంతటితో నైన బుద్ధి కలుగునా? కలుగలేదు. బేగంపేటలో మఱియొక మహలును, స్పెయినుదేశపు వైఖరిలో ఒక మసీదును ఆరంభించి, ఆ మసీదు పూర్తి కాకమునుపే 1902లో ఆయన కాలధర్మము నొందెను.

ఆయన యొక్కరిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆయన రసికుడు, విద్యావంతుడు. దోషము వ్యక్తిది కాదు, వ్యవస్థది. ఎవనికిని లెక్క చెప్పనక్కఱలేని ధనము ఎవని చేతిలోనున్నను ఇట్లే యగును. మన యిండ్లలో కూతురి పెండ్లికి పొలమమ్మి పందిళ్లు వేయువారు చిన్నయెత్తున చేయుచున్న పనినే వికారుల్ ఉమ్రా పెద్దయెత్తున చేసెను. ఇరుగుపొరుగువారు చూచి ఔరా యనవలెనను కోరిక ఇద్దఱిదియు నొక్కటే.

నిజాము చేతికి వచ్చిన పిమ్మట ఫలక్‌నుమా రాజ్యపు అతిథిగృహమైనది. పిమ్మట అయిదవ జార్జి చక్రవర్తియైన వేల్సు యువరాజు 1906లో ఇచట విడిసెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి, నగరములో వేలకొలది ప్రజలను కొట్టుకొనిపోయినది. మహబూబ్ అలీఖాను తన మహళ్ల తలుపులు నిరాశ్రయులకు తెఱపించెనని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. రాజసౌధము ప్రజలకు పాంథశాలయైన ఘడియ యది. రాజులను పొగడవలసిన చోట పొగడుటకు మేము వెనుదీయము. ఆయన 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలోనే మరణించెను.

తరువాతి నిజాము ఉస్మాన్ అలీఖాను మిక్కిలి పొదుపరి. ఆయన కింగుకోఠిలో కాపురముండి, ఫలక్‌నుమాను గొప్ప అతిథులకొఱకు మాత్రమే తెఱపించుచుండెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసినది. 1949 ఆగస్టులో జాగీరులు రద్దైనవి, పైగాలును పోయినవి. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ఇచట బసచేసిరి. ఆయనయే ఆ పాతకాలపు అతిథులలో చివరి ప్రముఖుడు. అటుపిమ్మట తాళములు పడినవి. అర్ధశతాబ్దము ఆ 101 కుర్చీలు ఎవరికొఱకో యెదురుచూచుచు దుమ్ము కప్పుకొని కూర్చున్నవి.

2000 ప్రాంతమున మరమ్మతు మొదలైనది. ఆ పని సుమారు 10 సంవత్సరములు సాగినది. ఉస్మాన్ అలీఖాను మనుమడైన ముకరంజా మొదటి భార్య ఎస్రా దానిని పర్యవేక్షించిరి. చిఱిగిన వస్త్రముల నేతను చూచి మరల నేయించుట, మాసిన చిత్రములను కడిగి వెలికి తీయుట, దీపగుచ్ఛములను ఒక్కొక్క పలుకే విప్పి తుడిచి కూర్చుట, చెక్కడపు కఱ్ఱను బాగుచేయుట అల్పమైన పనులు కావు. కట్టుటకు 9 ఏండ్లు పట్టిన దానిని బాగుచేయుటకు 10 ఏండ్లు పట్టినదన్న మాటలో ఒక నీతి కలదు. మఱచిపోవుట సులభము, మఱచినదానిని మరల నిలుపుట క్రొత్తగా కట్టుటకంటె కష్టము.

ఇట్టి మార్పు హైదరాబాదున మాత్రమే జరిగినది కాదు. జయపురమున రాంబాగు మహలు 1957లో హోటలైనది. ఉదయపురమున పిచోలా చెఱువునడుమ 1740ల నాటి జగనివాసము 1963లో ఆ దారినే పట్టినది. సంస్థానములు పోయి రాబడి తఱిగినది. 1971లో రాజభరణములును రద్దైనవి. గదులు వందలు, నౌకర్లు లేరు, కప్పు కారుచున్నది. ఆ స్థితిలో మహలుగలవానికి మూడే దారులు: అమ్ముట, కూలనిచ్చుట, అద్దెకిచ్చుట. జోధపురపు ఉమేద్ భవనము కథ వీనిలో ప్రత్యేకమైనది. వరుసగా కఱవులు వచ్చి ప్రజలకు పని లేకపోగా, వారికి కూలి దొరకుటకై ఆ మహలును 1929లో మొదలుపెట్టి 1943 వఱకు కట్టించిరి. నేడు దానిలో కొంత రాజకుటుంబపు నివాసము, కొంత హోటలు, కొంత ప్రజలు చూడదగిన ప్రదర్శనశాల. ఒక మహలు కఱవు గడచిన వెంటనే రైతు శిస్తుతో లేచినది. వేఱొక మహలు కఱవులోనున్నవానికి కూడు పెట్టుటకై లేచినది. పాలరాయి రెంటను నొక్కటే. పుణ్యపాపములు రాతిలో లేవు.

ఇంతకుముందు మా అభిప్రాయమేమనగా, ప్రజల చెమటతో లేచిన మేడను ధనికుల విలాసమునకు మరల అప్పగించుట అన్యాయమని. ఆ మాటను ఇప్పుడును పూర్తిగా విడువలేదు. కాని తక్కిన గతులను చూచిన పిమ్మట మా తీర్పు మెత్తబడినది. నవాబు ఫక్రుల్‌ముల్కు నివసించిన ఇర్రంమంజిలును పడగొట్టి, ఆ చోట క్రొత్త శాసనసభ కట్టవలెనని 2019లో ప్రభుత్వము నిర్ణయించినది. పురప్రజలు కొందఱు న్యాయస్థానమున కెక్కగా, ఆ సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. అట్లు కాపాడువారు అన్నిటికిని దొరకరు. హోటలైన మేడ కప్పు కారదు. హోటలులో తోటమాలియు, వడ్రంగియు, వంటవాడును కుటుంబములు పోషించుకొందురు. ఇది కాదనరాని మేలు.

అయినను, మేలైన గతి మఱియొకటి లేకపోలేదు. 19వ శతాబ్ది తొలియేండ్లలో కిర్క్‌పాట్రిక్కు కట్టించిన కోఠీ రెసిడెన్సీని చూడుడు. నిజామునే శాసించిన బ్రిటిషు ప్రతినిధులు వసించిన ఆ భవనము 1949లో మహిళాకళాశాల యైనది; 2022లో ఆ కళాశాల విశ్వవిద్యాలయ మైనది. ఏ మెట్లను సామాన్యుడు ఎక్కజాలకుండెనో ఆ మెట్లను పల్లెలనుండి వచ్చిన ఆడుపిల్లలు పుస్తకములు పట్టుకొని ఎక్కిరి. ఒక భవనమునకు ఇంతకంటె గొప్ప ప్రాయశ్చిత్తము మే మెఱుగము. ఇట్లే నిజాముల చౌమహల్లా మహలు 2005 నుండి ప్రజలకు తెఱవబడినది; చీటి కొన్నవాడెవడైనను దర్బారుమందిరమున నిలిచి చూడవచ్చును.

ఆ రాత్రి ఫలక్‌నుమా వసారాలో కూర్చుండి క్రింద మిణుకుమిణుకుమను నగరదీపములను చూచుచుండగా మాకు వేఱొక సంగతి తోచినది. ఈ నగరమునకు బాటసారులకొఱకే కట్టిన కట్టడములు లేవా? ఉన్నవి. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండనుండి పోవు బాటమీద షేకుపేటలో ఒక సరాయి కట్టించిరి. రెండంతస్తుల గదులు, గుఱ్ఱములకును ఒంటెలకును సాలలు, ప్రార్థనకు మసీదు, అన్నియు బాటసారికొఱకే. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగము పేర వెలసిన హయాత్‌నగరున మసీదు చుట్టును బాటసారుల గదులే. ఎవరు వచ్చినను తలదాచుకొనవచ్చునను భావముతో కట్టినవవి. మన తెలుగునాట సత్రములు కట్టించిన ధర్మాత్ముల భావమును అదియే.

కాలము చేసిన చోద్యము చూడుడు! అందఱికొఱకు కట్టిన సరాయిలు చిరకాలము ఆదరణలేక మొండిగోడలై నిలిచినవి. ఒక్కనికొఱకు కట్టిన మహలు పాంథశాలయై వెలుగుచున్నది, అదియు కొందఱికే. పాంథశాలగా పుట్టినది పాడైనది, పాంథశాల కానిది పాంథశాలయైనది. మనము దేనిని కాపాడుకొందుమో అదియే మనము దేనికి విలువ నిత్తుమో చెప్పును. పాలరాయికి ఇచ్చిన విలువ పరోపకారమునకు ఇయ్యలేదు.

దీనికి మందు లేదా? స్పెయినుదేశమున ప్రభుత్వపు సొత్తైన సంస్థయే పారడోరులను పేర హోటళ్లను నడుపుచున్నది. ఆ పద్ధతి 1928లో మొదలైనది. వానిలో పెక్కు పాతకోటలు, మఠములు, ప్రభువుల మేడలు. సాంతియాగో పుణ్యక్షేత్రమున ఫెర్డినాండు, ఇసబెల్లా రాజదంపతులు కాలినడకను వచ్చు యాత్రికులకై కట్టించిన ఆస్పత్రి 1954లో గొప్ప హోటలైనది. అయినను ముందుగా వచ్చిన కొందఱు యాత్రికులకు ఉచితముగా భోజనము పెట్టు ఆచారమును అచట చిరకాలము నిలుపుకొనిరి. భోజనము కొద్దిదే కావచ్చును. కాని ఆ యిల్లు ఎవరికొఱకు పుట్టినదో ఆ కొద్ది భోజనము జ్ఞాపకము చేయును.

కావున మా మనవి యిది. పాతసౌధములను హోటళ్లుగా మార్చుటను మేము నిషేధింపుమనము. కాని మార్చువారు మూడు ధర్మములను వ్రతముగా పట్టవలెను. మొదటిది, ఏటికి కొన్ని దినములైనను ఆ చుట్టుపట్ల బడిపిల్లలకును నివాసులకును రొక్కము లేకయే లోపలికి దారి యియ్యవలెను. కొన్నిచోట్ల చీటిమీద చూపించు పద్ధతి లేకపోలేదు; కాని కొన్నవాని హక్కు వేఱు, ఇరుగుపొరుగువాని హక్కు వేఱు. రెండవది, ఆ సౌధపు చరిత్రను పూర్తిగా చెప్పవలెను. ఏ యువరాజు ఏ గదిలో పండుకొనెనో చెప్పుటతో చాలదు. ఏ గ్రామముల శిస్తు ఇందులకు వచ్చినది, రాయి యెవరు మోసిరి, అప్పు ఎవరిచ్చిరి, ఇవియును చెప్పవలెను. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాలయమున నిజాముల కాలపు కాగితములు అపారముగా నున్నవి. ఓపికతో వెదకు యువకులు కావలెను. ఆ చరిత్రను తెలుగునను ఉర్దూనను వ్రాసి గోడపై నుంచవలెను. మూడవది, రాజసౌధపు రాబడిలో కొంత పాతసరాయిలను బాగుచేయుటకు వినియోగింపవలెను. చక్కజేసిన సరాయిలో చదువుకొనవచ్చిన బీదపిల్లలో, ఆస్పత్రికి వచ్చిన రోగుల బంధువులో తక్కువ అద్దెకు బస చేయగలిగిన నాడు, ఆ కట్టడముల ఆత్మయే మరల మేల్కొనును.

ఇది కోరరానిది కాదు. ప్రభుత్వము అనుమతి నిచ్చునపుడే షరతుగా వ్రాసికొన్న చాలును. పన్నులో రాయితీ యడుగుచో, ఈ ధర్మములకు బదులుగానే ఇయ్యవలెను. హోటలువారికిని ఇందు నష్టము లేదు. ఆ ప్రాంతపు జనులు తమదని గర్వించు మేడకు వారే కావలి కాయుదురు.

మఱునాడు ఉదయము ఆ వృద్ధుడే కారు తెచ్చెను. ఇచ్చిన మాటప్రకారము చూచినదంతయు చెప్పితిమి: మెట్లు, పుస్తకములు, దీపగుచ్ఛములు, బారెడు బల్ల గాదు, వందమంది బల్ల. ఆయన శ్రద్ధగా వినెను. ఇంజనుబౌలి దాటిన పిమ్మట మెల్లగా అడిగెను: “గా రాళ్లు మోసినోళ్ల పేర్లు ఏడనన్న రాసిండ్రా సార్?”

లేవని చెప్పితిమి. ఆయన ఏమియు అనలేదు. కాని ఆ ప్రశ్న మాతో ఇంటికి వచ్చినది. చదువరులలో హైదరాబాదు వాసులెవరైన ఉన్నచో, ఇంజనుబౌలి, అలియాబాదు వీథులలోని వృద్ధులను అడుగుడు. వారి తాతలు చెప్పిన మాటలను, పేర్లను వ్రాసికొనుడు. నేడు చేయనిచో మఱి పదేండ్లకు ఆ మాటలు చెప్పువారుండరు. మహలు బాగుపడినది, దాని చరిత్రలో సగము మాత్రము ఇంకను తాళము క్రిందనే యున్నది. ఆ తాళము తీయుటకు లక్షలు అక్కఱలేదు, ఒక కాగితమును, కలమును, వినెడి ఓపికయు చాలును.